ఇంటి అక్వేరియం, దూరపు సంపు, వాటి మధ్య పైపులు

సికింద్రాబాద్‌లో మహాత్మా గాంధీ రోడ్డుకూ రాణిగంజ్‌కూ ఆనుకొని ఉన్న రాంగోపాల్‌పేట్‌లో కింద దుకాణమూ పైన నివాసమూ ఉండే పాత కట్టడాలు ఉన్నాయి, వాటి పక్కనే ఇరుకు సందుల్లో లేచిన అపార్టుమెంట్లూ ఉన్నాయి. కట్టడం ఏదైనా లోపలి నీటి ఏర్పాటు మాత్రం చాలావరకు ఒకే తీరుగా సాగుతుంది. జలమండలి నల్లా నీరు నేలలోని సంపులోకి చేరుతుంది, మోటారు దానిని మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది, అక్కడి నుంచి అది తన బరువుతో తానే కుళాయిలకు దిగుతుంది. హాలులో చేపల కోసం ఒక గాజు తొట్టిని నిలిపి, దాని వడపోతకు సంపు అనే పిలిచే మరొక తొట్టిని ఇంట్లో వేరే చోట దాచి, రెండింటినీ పైపులతో కలిపే పద్ధతి కూడా ఈ ఏర్పాటు వంటిదే. అయితే ఇంటి సంపు నుంచి ఎక్కిన నీరు వాడకంలో ఖర్చయిపోతుంది గాని, అక్వేరియం సంపు నుంచి ఎక్కిన నీరు ఎక్కిన వేగంతోనే, ఎక్కినంతా, నిమిషం విడవకుండా తిరిగి కిందికి రావాలి. ఎక్కించే పని విద్యుత్తుది, దించే పని భూమ్యాకర్షణది. విద్యుత్తు ఏ క్షణంలోనైనా పోవచ్చు, ఆకర్షణ ఎన్నడూ పోదు. ఈ పద్ధతిలో ఎదురయ్యే చిక్కుల్లో అధిక భాగం ఈ అసమానత నుంచే పుడుతుంది గనుక, పైపుల పథకాన్ని మోటారు ఆగిపోయిన స్థితిని ముందు ఊహించుకొని గీయాలి. మోటారు నడిచే స్థితికి ఆ తరువాత దానిని సరిపెట్టుకోవాలి. కొనుగోళ్లన్నీ ముగిశాక ఈ లెక్కకు కూర్చునే ఇళ్లలోనే నేల తడుస్తుంది.

అక్వేరియం సంపు చేసే పనిని తెలుసుకోవడానికి చేప విసర్జించే అమ్మోనియా దగ్గర మొదలుపెట్టాలి. చేప మొప్పల ద్వారా, మిగిలిన మేత కుళ్లడం ద్వారా నీటిలో చేరే అమ్మోనియా కొద్దిపాటి మోతాదులోనే చేపకు విషం. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగానూ, మరొక జాతి ఆ నైట్రైటును అంతకంటే చాలా తక్కువ హాని చేసే నైట్రేటుగానూ మారుస్తాయి. నైట్రీకరణ అని పిలిచే ఈ క్రియకు సూక్ష్మజీవులు అంటుకొని బతకడానికి విశాలమైన ఉపరితలమూ, వాటికి ఊపిరిగా నీటిలో కరిగిన ప్రాణవాయువూ, ఆగకుండా సాగే ప్రవాహమూ కావాలి. సంపులో స్పాంజి గాని వడపోత గుడ్డ గాని ముందుగా మలినాన్ని పట్టుకుంటే, తరువాతి గదిలోని పింగాణీ ఉంగరాల మీద సూక్ష్మజీవులు కాపురముంటాయి, చివరి గదిలోని పంపు శుభ్రపడిన నీటిని పైకి పంపుతుంది. ఈ గదులను విడదీసే గాజు పలకల వల్ల మొదటి గదుల్లో నీటిమట్టం స్థిరంగా నిలుస్తుంది, పంపు నడుస్తున్నంతసేపు మట్టంలో వచ్చే హెచ్చుతగ్గులన్నీ చివరి గదిలోనే కనిపిస్తాయి. సంపును తొట్టి కిందనే బల్లలో అమర్చడం సాధారణ పద్ధతి. దానిని హాలు నుంచి వెనుక బాల్కనీకి గాని వాష్ ఏరియాకు గాని తరలిస్తే పంపు రొద, పారే నీటి చప్పుడు, మలినం తీసేటప్పటి తడి, వాసన అన్నీ హాలుకు దూరమవుతాయి. సంపు పరిమాణాన్ని పెంచుకోవచ్చు, తలుపులు తీసి వంగి పని చేయవలసిన అవసరమూ ఉండదు. ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం పైపుల పొడవు.

నీటిని కంటికి కనబడని చోట ఉంచి తిప్పే ఆలోచన ఇళ్లలో పుట్టినది కాదు. లండన్‌లోని రీజెంట్స్ పార్కు జంతుశాలలో 1853లో మొదటి ప్రజా చేపలశాల తెరుచుకున్న తరువాత, ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో ప్రచురించిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఐరోపా ఇళ్లలోకి ప్రవేశించింది. ఆ తొట్లలో నీటిని మొక్కలే శుభ్రపరుస్తాయని ఆనాటి నమ్మకం. ఆ నమ్మకం పెద్ద తొట్లకు చాలదని గుర్తించిన విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంకు రూపకల్పన చేస్తూ, ప్రదర్శన తొట్ల కింద వాటన్నింటి పరిమాణానికి కొన్ని రెట్లు పెద్దదైన జలాశయాన్ని చీకటిలో నిర్మించి, ఆవిరి యంత్రంతో నడిచే పంపుల ద్వారా సముద్రపు నీటిని రాత్రింబవళ్లు తిప్పించాడు. చీకటి వల్ల నాచు పెరగదు, నేలలోని చల్లదనం వల్ల నీరు వేడెక్కదు, పరిమాణం పెద్దది గనుక ఒక తొట్టిలో వచ్చిన మార్పు మొత్తం నీటిలో పలచబడిపోతుంది. ఆంటన్ డోర్న్ నేపుల్స్‌లో స్థాపించిన జీవశాస్త్ర కేంద్రపు అక్వేరియం, 1874లో ప్రజలకు తెరిచినది, ఈ లాయిడ్ సలహాతోనే రూపుదిద్దుకుంది. వెనుక బాల్కనీలో సంపు పెట్టదలచిన గృహస్థు ఈనాడు ఆశించే ప్రయోజనాల్లో ఇవి కూడా ఉంటాయి గనుక, లాయిడ్ జలాశయాన్ని దూరపు సంపుకు మూలరూపంగా భావించడం సమంజసం.

రాంగోపాల్‌పేట్ ఇళ్ల విషయంలో మొట్టమొదట తేలవలసినది స్థలం. ఉదాహరణకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు గల తొట్టిని తీసుకుంటే అందులో అంచు దాకా పట్టే నీరు 324 లీటర్లు, అంటే 324 కిలోల బరువు. గాజు, ఇసుక, బల్ల కలిసి మొత్తం 450 కిలోలకు చేరుతుంది. ఈ బరువంతా అర చదరపు మీటరుకు కొంచెం మించిన నేల మీద పడుతుంది. నివాస గదుల స్లాబు మీద చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల వాడుక బరువును లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండవ భాగం చెబుతున్నది. ఆ సంఖ్య గది మొత్తానికి సగటుగా వర్తించేదే అయినా, ఇంత బరువును గది నడుమ నిలపరాదనీ, దూలం మీదుగా గాని బరువు మోసే గోడను ఆనించి గాని ఉంచాలనీ అది స్పష్టంగా హెచ్చరిస్తున్నది. సున్నపు గచ్చుతో కట్టిన పాత మిద్దె ఇళ్లలో ఇంజనీరు చూడకుండా ఇంత తొట్టిని నిలపడం తగదు. సంపు బరువు కూడా వందకు పైబడిన కిలోలే గనుక, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ పలక కొన మీద దానిని పెట్టరాదు, గోడ వైపున పెట్టాలి.

స్థలం తరువాతి ప్రశ్న దారి. తొట్టి నుంచి సంపుకు దిగే పైపు తన దారి పొడవునా దిగుతూనే ఉండాలి, మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు చాలుతుంది గాని ఆ వాలు ఎక్కడా తెగరాదు. హాలుకూ వాష్ ఏరియాకూ నడుమ తలుపు ఉంటే ఈ నియమం ఎంత కఠినమైనదో అర్థమవుతుంది. దిగుడు పైపును తలుపు పైనుంచి తిప్పడం సాధ్యం కాదు, గడప కిందినుంచి తవ్వి తీసుకుపోతే ఆ పల్లంలో నీరూ మలినమూ నిలిచిపోతాయి, ఎక్కడైనా పైకి లేచిన వంపు ఉంటే అక్కడ గాలి చిక్కుకొని ప్రవాహాన్ని అడ్డగిస్తుంది. అందుచేత తొట్టి వెనుక గోడకు అవతలి పక్కనే సంపు ఉండేటట్లు, పైపు ఒకే గోడను దాటేటట్లు గదులను ఎంచుకోవడం ఉత్తమం. తొట్టి ఉన్న చోటికి సంపును వెతకడం కంటే సంపుకు వీలైన చోటును ముందు నిర్ణయించి తొట్టిని దానికి దగ్గరగా జరపడమే తెలివైన క్రమం. గోడలో పైపు కంటే ఒక పరిమాణం పెద్దదైన గొట్టాన్ని తొడుగుగా పాతి, అసలు పైపును దానిలోంచి పోనిస్తే మరమ్మతు నాడు గోడ పగలగొట్టవలసిన పని ఉండదు. స్తంభాలకూ దూలాలకూ రంధ్రం వేయడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. సంపును కింది అంతస్తులో పెట్టే కోరిక కొందరికి కలుగుతుంది. కింద దుకాణం ఉన్న ఇంట్లో ఆ కోరికను విరమించుకోవడమే మేలు, ఎందుకంటే పంపు ఎక్కించవలసిన ఎత్తు మూడు మీటర్లు పెరుగుతుంది, అంత ఎత్తు నుంచి పడే నీటి రొదను అణచడం కష్టం, పొరపాటు జరిగిన రోజున నష్టపోయేది మరొకరి సరుకు.

తొట్టి నుంచి నీరు బయలుదేరే చోట అలుగు ఉంటుంది. చెరువు నిండినప్పుడు అదనపు నీరు ఏ ఎత్తు దాటి పొర్లుతుందో ఆ ఎత్తే చెరువు మట్టాన్ని నిర్ణయించినట్లు, తొట్టి మూలన గాజుతో కట్టిన చిన్న పెట్టె పై అంచు తొట్టి నీటిమట్టాన్ని నిర్ణయిస్తుంది. నీరు ఆ అంచు మీదుగా పెట్టెలోకి పొర్లి, పెట్టె అడుగున వేసిన రంధ్రాల ద్వారా పైపుల్లోకి దిగుతుంది. రంధ్రం లేకుండా అంచు మీదుగా సైఫన్ పైపును వేలాడదీసే పద్ధతి కూడా ఉన్నది, కాని ఆ సైఫన్‌లోకి గాలి చేరి తెగిన రోజున పంపు నీటిని ఎక్కిస్తూనే ఉంటుంది, దిగే దారి మాత్రం మూసుకుపోతుంది. దూరపు సంపుకు ఆ పద్ధతిని నమ్మరాదు. గాజుకు రంధ్రం వేయించేటప్పుడు ఆ పలక టెంపర్ చేసిన గాజు కాదని ముందు నిర్ధారించుకోవాలి, ఎందుకంటే టెంపర్ చేసిన తరువాత రంధ్రం వేయబోతే పలక మొత్తం ముక్కలైపోతుంది.

దిగుడు పైపుల అమరికలో అక్వేరియం ప్రియులు దశాబ్దాలుగా మెరుగుపరచిన మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. డర్సో పద్ధతిలో ఒకే నిలువు పైపు ఉంటుంది, దాని పైకొన కిందికి వంగి నీటి అడుగున మునిగి ఉంటుంది, తలపై ఒక చిన్న గాలి రంధ్రం ఉంటుంది. నీరూ గాలీ కలిసి దిగుతాయి గనుక కొంత గుడగుడ తప్పదు. హెర్బీ పద్ధతిలో రెండు పైపులు ఉంటాయి. మొదటిదానికి సంపు దగ్గర గేటు వాల్వు బిగించి, గాలి చొరబడకుండా పైపు నిండుగా పారేటట్లు దానిని సవరిస్తారు, ఇది పూర్తి సైఫన్. రెండవది ఖాళీగా నిలిచి, మొదటిది మూసుకుపోతే నీటిని అందుకుంటుంది. బీన్ యానిమల్ అనే పేరుతో ప్రసిద్ధమైన మూడవ పద్ధతిలో ఈ రెండింటికీ మధ్య మరొక పైపు చేరుతుంది. పూర్తి సైఫన్ నుంచి మిగిలిన పలుచని ధార దాని గోడలకు అంటుకొని సద్దు లేకుండా దిగుతుంది, మట్టం హఠాత్తుగా పెరిగితే అదే తనంతట తాను సైఫన్‌గా మారుతుంది. సంపు దూరమైన కొద్దీ పైపులు పొడవై వాటిలో గాలి చిక్కే అవకాశం పెరుగుతుంది గనుక, ఖర్చు కొంత ఎక్కువైనా ఈ మూడు పైపుల పద్ధతే శ్రేయస్కరం. దీనిలో ఒక సూక్ష్మాన్ని పాటించాలి. పూర్తి సైఫన్ పైపు కొన సంపు నీటిలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి మునగరాదు. లోతుగా మునిగితే పంపు మళ్లీ మొదలైనప్పుడు పైపులోని గాలి బయటికి పోలేక సైఫన్ ఏర్పడదు. వాలు పైపుల్లో లంబకోణపు ఎల్బోకు బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వాడితే గాలీ మలినమూ నిలవవు.

ఇప్పుడు అసలు లెక్కకు రావచ్చు. మోటారు ఆగింది. పై తొట్టిలో ఒక సెంటీమీటరు మందం నీరంటే 120 ను 45 తో గుణించగా వచ్చే 5.4 లీటర్లు. పంపు నడుస్తున్నప్పుడు నీటి ఉపరితలం అలుగు అంచు కంటే ఒకటిన్నర సెంటీమీటర్లు ఎత్తున ఉంటుందనుకుంటే, ఆ మేరకు 8 లీటర్లు కిందికి దిగుతాయి. అలుగు పెట్టెలో పైపు మూతి వరకు దిగే నీరు మరో 2 లీటర్లు. దిగుడు పైపుల్లో అప్పటికి ఉన్న నీరు, ఆరు మీటర్ల దారికి, 8 లీటర్లకు మించదు. పంపు నుంచి తొట్టికి నీటిని చేర్చే తొమ్మిది మీటర్ల అంగుళం ఎక్కుడు పైపులో 5 లీటర్లు ఉంటాయి. వీటన్నింటినీ గుర్తుంచుకునేవారు సైతం మరచిపోయేది ఎక్కుడు పైపు మూతి. అది తొట్టిలో నీటి అడుగున ఉంటే, పంపు ఆగిన క్షణం నుంచి అదే సైఫన్‌గా మారి, మూతికి గాలి తగిలేవరకు తొట్టి నీటిని వెనక్కి లాగుతుంది. మూతి అలుగు అంచుకు 2 సెంటీమీటర్ల దిగువన ఉంటే 11 లీటర్లు పోతాయి, అందం కోసమో ప్రవాహం కోసమో దానిని 15 సెంటీమీటర్ల లోతున ఉంచితే 81 లీటర్లు పోతాయి. మొదటి సందర్భంలో మొత్తం 34 లీటర్లు, రెండవ సందర్భంలో 104 లీటర్లు.

ఈ నీటిని భరించవలసిన సంపు 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు గలదైతే దానిలో ఒక సెంటీమీటరుకు 3.6 లీటర్లు పడతాయి. 34 లీటర్లకు మట్టం తొమ్మిదిన్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. 104 లీటర్లకు పెరగవలసినది దాదాపు 29 సెంటీమీటర్లు, అంటే సగం నిండిన సంపు కూడా పొర్లుతుంది. కనుక ఈ సంపులో పంపు నడుస్తున్నప్పటి నీటిమట్టం అడుగు నుంచి 27 సెంటీమీటర్లకు మించకుండా గీత గీసుకోవాలి, పొంగుకు తొమ్మిదిన్నర పోను మిగిలే మూడున్నర సెంటీమీటర్లు లెక్కలో దొర్లిన తప్పులకు. ఎక్కుడు పైపు మూతి దగ్గర, ఉపరితలానికి కొంచెం దిగువన, ఐదారు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోయే గుణం కలది గనుక దానిని అదనపు రక్షణగా మాత్రమే ఉంచుకొని, మూతినే ఉపరితలానికి దగ్గరగా నిలపాలి. నీటిని ఒకే వైపుకు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వును బిగించి ఈ లెక్కంతా మానుకోవచ్చని దుకాణాల్లో చెప్పేవారు ఉంటారు. ఇంటి మోటారుకు అది బాగా పని చేస్తుంది, కాని చేపల నీటిలో నత్తపిల్లో మొక్క తుంపో దాని రెక్క కింద ఇరుక్కుంటే అది సగం తెరుచుకొనే ఉండిపోతుంది, ఆ సంగతి కరెంటు పోయేదాకా ఎవరికీ తెలియదు.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఒకటున్నది. పంపు నడుస్తూ ఉండగా దిగే దారులన్నీ మూసుకుపోతే చివరి గదిలోని నీరంతా పైకి చేరుతుంది. ఆ గది 30 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు గలదై, పంపు నోటికి పైన 15 సెంటీమీటర్ల నీరు ఉంటే అది 18 లీటర్లు. పై తొట్టిలో అంచు దాకా 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే 21 లీటర్లు పడతాయి, కాబట్టి పంపు గది ఒట్టిపోయి నీరు ఎక్కడం ఆగేసరికి కూడా నేల మీద చుక్క పడదు. చివరి గదిని పెద్దదిగా చేసుకోవాలనే కోరికకు హద్దు గీసేది ఈ లెక్కే. మొత్తం సంపు ఎంత పెద్దదైనా మంచిదే గాని, పంపు గది మాత్రం తొట్టి అంచున ఉన్న ఖాళీ కంటే చిన్నదిగా ఉండాలి. ఈ రెండు లెక్కలూ కుదిరిన పథకంలో వాల్వులు, ఫ్లోట్ స్విచ్చులు, అలారాలు అన్నీ చెడిపోయినా ఇల్లు మునగదు.

పంపు ఎంపికలో తొట్టి నీరు గంటకు మూడు నాలుగు సార్లు తిరగడం చాలు గనుక, ఈ తొట్టికి గంటకు 1,200 లీటర్లు పైకి చేరాలి. పంపు పెట్టె మీద రాసి ఉండే లీటర్ల సంఖ్య ఎత్తు సున్నా అయినప్పటిది, దాని పక్కన హెడ్ అని రాసి ఉండే మీటర్ల సంఖ్య ప్రవాహం సున్నా అయ్యే ఎత్తు. ఈ రెండు కొసల మధ్య ఎత్తు పెరిగిన కొద్దీ ప్రవాహం తగ్గుతూ పోతుంది. పంపు జయించవలసిన ఎత్తులో రెండు పాళ్లు ఉంటాయి. సంపు నీటిమట్టం నుంచి తొట్టి నీటిమట్టం దాకా ఉన్న నిలువు దూరం మొదటిది, ఒకే అంతస్తులో అది సుమారు ఒక మీటరు. పైపు గోడల రాపిడి వల్ల కోల్పోయే ఎత్తు రెండవది. ఆ రాపిడి పైపు సన్నబడిన కొద్దీ ఊహకు అందనంత వేగంగా పెరుగుతుంది. గంటకు 1,200 లీటర్ల ప్రవాహానికి, లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లుండే అరంగుళం పైపులో మీటరు పొడవుకు సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు నష్టమవుతుంది. 21 మిల్లీమీటర్లుండే ముప్పావంగుళం పైపులో అది 5 సెంటీమీటర్లకు పైచిలుకు, 27 మిల్లీమీటర్లుండే అంగుళం పైపులో ఒకటిన్నర సెంటీమీటర్లే. ప్రతి ఎల్బో పైపు వ్యాసానికి ముప్పై రెట్ల పొడవైన నిటారు పైపుతో సమానమైన అడ్డంకి. తొమ్మిది మీటర్ల దారి, ఆరు ఎల్బోలు గల ఇంట్లో అరంగుళం పైపు వేస్తే రాపిడికే రెండున్నర మీటర్ల దాకా పోతుంది, అంగుళం పైపు వేస్తే 22 సెంటీమీటర్లు మాత్రమే పోతుంది. ఈ పంపు నెలకు 720 గంటలు ఆగకుండా నడిచేది గనుక, 10 వాట్లు అధికంగా తాగే పంపు నెలకు 7 యూనిట్లకు పైగా అదనంగా కాలుస్తుంది. పైపు కొనుగోలులో మిగిలిన డబ్బును కరెంటు బిల్లు ఏళ్ల తరబడి తిరిగి వసూలు చేసుకుంటుంది.

పైపులూ పంపులూ ఇనుప సామానూ టోకున అమ్మే రాణిగంజ్ రాంగోపాల్‌పేట్‌ను ఆనుకొని ఉండటం ఇక్కడి గృహస్థులకు దక్కిన అదృష్టం. సరంజామా జాబితా పెద్దదేమీ కాదు. తొట్టి రంధ్రాలకు రబ్బరు వాషర్లున్న ట్యాంకు నిపిళ్లు, యు.పి.వి.సి. పైపులు, బెండ్లు, పంపుకూ ప్రతి వాల్వుకూ ఇరువైపులా విప్పుకోవడానికి యూనియన్లు, సైఫన్ పైపుకు ఒక గేటు వాల్వు. తెరవడం మూయడం తప్ప సన్నని సవరింపు సాధ్యం కాదు గనుక ఆ ఒక్కచోట బాల్ వాల్వు పనికిరాదు. ఇత్తడి, రాగి సామగ్రిని పూర్తిగా మానుకోవాలి, రాగి నీటిలో కరిగి రొయ్యలకూ నత్తలకూ ప్రాణాంతకమవుతుంది, చేపలకూ మంచిది కాదు. ఎక్కుడు పైపు మీద వాల్వు ఉండవచ్చు గాని, అత్యవసరానికి ఉంచిన దిగుడు పైపు మీద ఏ వాల్వూ ఉండరాదు. అతుకులను ముందు జిగురు లేకుండా అమర్చి చూసి, గుర్తులు పెట్టుకొని, అప్పుడు సొల్యూషన్ పూసి బిగించి, ఒక రోజంతా ఆరనిచ్చి, వ్యవస్థ మొత్తాన్ని ఒకసారి నీటితో కడిగి ఆ నీటిని పారబోయాలి. బాల్కనీలో ఎండ తగిలే పైపులకు రంగు వేస్తే అవి పెళుసుబారవు, లోపల నాచూ పెరగదు.

దక్కను వేసవి ఈ వ్యవస్థకు ప్రత్యేకమైన పరీక్ష. నీరు వేడెక్కిన కొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు పట్టుకోగలిగితే, 35 డిగ్రీల నీరు 7 మిల్లీగ్రాములే పట్టుకోగలదు, సికింద్రాబాద్ ఐదు వందల మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది గనుక ఇక్కడ ఆ పరిమితి ఇంకొంత తక్కువ. వేడిలో చేపకు కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. అందువల్ల సంపును మిద్దె మీద గాని పడమటి ఎండ పడే చోట గాని పెట్టరాదు. నీడలో ఉన్న సంపు మీదుగా చిన్న ఫ్యాను గాలిని వీచేటట్లు చేస్తే, ఆవిరయ్యే ప్రతి లీటరు నీరు 400 లీటర్ల మొత్తాన్ని ఒకటిన్నర డిగ్రీల దాకా చల్లార్చగలదు. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఈ ఉపాయం బాగా పని చేస్తుంది, వానాకాలపు చెమ్మలో అంతగా ఫలించదు.

ఆవిరైన నీటిని భర్తీ చేయవలసి ఉంటుంది. పై తొట్టి మట్టాన్ని అలుగు కాపాడుతుంది గనుక తగ్గుదల అంతా సంపు చివరి గదిలోనే కనిపిస్తుంది, వేసవిలో రోజుకు నాలుగైదు లీటర్లు తగ్గినా ఆశ్చర్యం లేదు. 30 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు గల ఆ చిన్న గదిలో అది నాలుగు సెంటీమీటర్లు, అంటే నాలుగు రోజులు చూడకపోతే పంపు గాలి పీలుస్తుంది. నల్లాకు నేరుగా ఫ్లోట్ వాల్వు కలిపే ఏర్పాటు తేలికగా కనిపించినా, రెండు కారణాల వల్ల అది ప్రమాదకరం. నాగార్జునసాగర్ నుంచీ ఎల్లంపల్లి నుంచీ నగరానికి వచ్చే కృష్ణా, గోదావరి నీరు క్లోరిన్ కలిపి సరఫరా అవుతుంది, ఆ క్లోరిన్ చేప మొప్పలనూ వడపోత సూక్ష్మజీవులనూ కాల్చివేస్తుంది. పైగా ఫ్లోట్ ఇరుక్కుపోతే ఆ ధారకు అంతు ఉండదు. హైపోగా అమ్మే సోడియం థయోసల్ఫేటుతో క్లోరిన్ విరిచిన నీటిని 20 లీటర్ల డబ్బాలో ఉంచి, ఆ డబ్బా నుంచి మాత్రమే సంపుకు అందేటట్లు చేస్తే ఏది చెడినా పొర్లేది 20 లీటర్లే, ఆ 20 లీటర్లకు సంపులో చోటు ఉన్నదో లేదో ముందే లెక్క చూసుకోవచ్చు.

కరెంటు పోయిన గంటల్లో చేపల కంటే ముందు ఇబ్బంది పడేవి సంపులోని సూక్ష్మజీవులు. నీరు కదలక వాటికి ఊపిరి అందదు. ఇంటి ఇన్వర్టరు మీదికి ఈ పంపును చేర్చడం కష్టమేమీ కాదు, ఫ్యాను కంటే అది తక్కువ తాగుతుంది. తడి నేల మీద పని చేసే పరికరం గనుక దాని ప్లగ్గు సంపు మట్టం కంటే ఎత్తున ఉండాలి, తీగ ప్లగ్గుకు చేరేముందు కిందికి ఒక వంపు తిరిగి ఉండాలి, అప్పుడు తీగ వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. లేని లైనుకు ఈ పంపును తగిలించరాదు.

అన్నీ అమరాక చేపలు లేని నీటితో పరీక్ష జరగాలి. పంపును నడిపి సంపులో 27 సెంటీమీటర్ల గీత దాకా నింపి, మీట ఆపి, నీరు దిగడం నిలిచేదాకా చూసి, ఆగిన మట్టం దగ్గర రెండవ గీత గీయాలి. మళ్లీ నడిపి, సైఫన్ చేయి తగలకుండా తనంతట తాను అందుకుంటున్నదో లేదో గమనించాలి. తరువాత మొదటి దిగుడు పైపు మూతిని చేత్తో మూసి, రెండవది నీటిని మోస్తున్నదా అని చూడాలి, రెండింటినీ మూసి మూడవదాన్ని చూడాలి, మూడింటినీ మూసి పై తొట్టి పొర్లకముందే పంపు గది ఒట్టిపోతున్నదా అని చూడాలి. ఈ చివరి పరీక్షను చాలామంది భయంతో మానుకుంటారు గాని, ఇంట్లో మనుషులు మేలుకొని బకెట్లతో సిద్ధంగా ఉన్న పగటి పూటే దానిని చేసుకోవాలి. ఆ తరువాత అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరేదాకా, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, వడపోత పండనిచ్చి చేపలను కొద్దికొద్దిగా వదలాలి. అప్పటి నుంచి నెలకొకసారి గేటు వాల్వును, సైఫన్ తెంచే రంధ్రాన్ని, అలుగు అంచును శుభ్రం చేసిన రోజున మీటను మరొకసారి ఆపి, నీరు రెండవ గీత దగ్గరే నిలుస్తున్నదో లేదో చూసుకోవాలి.